కాంపోజిట్ బీమ్ మొమెంట్ కెపాసిటీ తనిఖీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉక్కు బీమ్ మీద కాంక్రీట్ స్లాబ్ పోసి, రెంటినీ షియర్ స్టడ్‌లతో (బీమ్ పైన నిలువుగా వెల్డ్ చేసే, తలున్న చిన్న ఉక్కు కడ్డీలతో) కలిపితే అది కాంపోజిట్ బీమ్. హైదరాబాద్ ఆఫీసు టవర్లలో డెక్ షీట్ (మడతలు పెట్టిన పల్చటి ఉక్కు రేకు) మీద పోసే అంతస్తుల దగ్గర్నుంచి రైల్వే లైన్ల మీద కట్టే పైవంతెనల దాకా ఇదే పద్ధతి. దీని బెండింగ్ బలం, అంటే వంచే ప్రభావాన్ని (మొమెంట్) తట్టుకునే శక్తి, సరిచూసేటప్పుడు డిజైన్ టేబుల్ దగ్గరా, సైట్‌లోనూ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

లెక్కలన్నీ ఒకే బీమ్ మీద నడిపాం. స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, 9 మీటర్లు. సింప్లీ సపోర్టెడ్, అంటే రెండు చివర్లా ఊరికే ఆని ఉన్న బీమ్. బీమ్‌కీ బీమ్‌కీ దూరం 3 మీటర్లు. సెక్షన్ ఐఎస్‌ఎంబీ 450 (450 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు బీమ్; పైనా కిందా ఉండే అడ్డ పలకలు ఫ్లాంజ్‌లు, మధ్య నిలువు పలక వెబ్), ఉక్కు ఈ250, కాంక్రీట్ ఎం30 (ఈ అంకెలు వాటి బలాలు). స్లాబ్ మొత్తం మందం 150 మి.మీ. అందులో కింది 52 మి.మీ. డెక్ షీట్ రిబ్‌ల (కాంక్రీట్ నిండే గాడుల) లోతు, పైన నిండు కాంక్రీట్ 98 మి.మీ. రిబ్‌లు బీమ్‌కు అడ్డంగా, 300 మి.మీ.కి ఒకటి చొప్పున ఉన్నాయి. కిలోన్యూటన్‌ను కి.న్యూ. అనీ, కిలోన్యూటన్ మీటర్‌ను కి.న్యూ.మీ. అనీ రాశాం. ఉక్కు, కాంక్రీట్ బలాలకూ, ఒత్తిడికీ ప్రమాణం రాయని చోట చ.మి.మీ.కి న్యూటన్లని అర్థం.

1. ఏ కోడ్ ప్రకారం చూడాలి?

భవనాలకు కాంపోజిట్ కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 11384:2022. దాంతోపాటు ఉక్కుకు ఐఎస్ 800:2007, కాంక్రీట్‌కు ఐఎస్ 456:2000 పక్కనే ఉండాలి. వంతెనలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 22:2015. ఇంకా చాలా ఆఫీసుల ఎక్సెల్ షీట్లలో ఐఎస్ 11384 పాత 1985 ప్రతి సూత్రాలే తిరుగుతున్నాయి. అందులో ఉక్కు బలాన్ని 0.87తో గుణిస్తారు. ఇప్పుడు 1.10తో భాగిస్తాం, అంటే 0.909. తేడా చిన్నదే, కానీ ఒకే షీట్లో సగం పాతది, సగం కొత్తది ఉంటే ఆ లెక్కను ఎవరూ సమర్థించలేరు.

డెక్ రిబ్‌ల వల్ల స్టడ్ బలం ఎంత తగ్గుతుంది, స్టడ్‌లు కనీసం ఎన్ని ఉండాలి అన్న విషయాల్లో ఈ పేజీలో యూరప్ కాంపోజిట్ కోడ్ అయిన యూరోకోడ్ 4 నియమాలు వాడాం. రెండు కోడ్‌లు కలిపి వాడితే ఒక్క జాగ్రత్త ముఖ్యం. యూరోకోడ్‌లో కాంక్రీట్ బలమంటే సిలిండర్ బలం (స్తూపాకారపు నమూనాను నలిపి చూసినది), మన ఎం30 అంటే క్యూబ్ బలం (ఘనాకారపు నమూనాది). ఎం30 సిలిండర్ బలం సుమారు 24 మాత్రమే. యూరోకోడ్ సూత్రంలో నేరుగా 30 పెట్టేస్తే స్టడ్ బలం లేనిపోని ఎత్తుకు పోతుంది.

2. స్లాబ్‌లో ఎంత వెడల్పు బీమ్‌తో కలిసి పనిచేస్తుంది?

సింప్లీ సపోర్టెడ్ లోపలి బీమ్‌కు స్పాన్‌లో నాలుగో వంతు, లేదా బీమ్‌ల మధ్య దూరం, వీటిలో ఏది తక్కువైతే అది. మన బీమ్‌కు 9,000ని 4తో భాగిస్తే 2,250 మి.మీ. అది 3,000 కంటే తక్కువ కాబట్టి అదే తీసుకోవాలి.

అంచు బీమ్‌ల దగ్గర పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. అంచున ఒక పక్క మాత్రమే స్లాబ్ ఉంటుంది. స్పాన్‌లో ఎనిమిదో వంతు 1,125, దానికి బయటి పక్కన 150 మి.మీ. కలిపితే 1,275 మి.మీ. మాత్రమే దొరుకుతుంది. ఆ వెడల్పులో 98 మి.మీ. కాంక్రీట్ మొత్తం నలిగినా 1,349 కి.న్యూ. మించి ఇవ్వదు, బీమ్ మొత్తం లాగుడు బలమేమో 2,097 కి.న్యూ. అంటే న్యూట్రల్ యాక్సిస్ (నొక్కుడు, లాగుడు భాగాలను విడదీసే గీత) స్లాబ్ దాటి ఉక్కులోకి దిగుతుంది, సూత్రమే మారుతుంది. లోపలి బీమ్ ఫలితాన్ని అంచు బీమ్‌కు కాపీ చేయకండి. మెట్ల దగ్గర, డక్ట్‌ల దగ్గర స్లాబ్‌లో పెద్ద రంధ్రం ఉన్న బీమ్‌లకూ ఇదే మాట.

3. స్టడ్‌లు పూర్తిగా సరిపోతాయనుకుంటే మొమెంట్ కెపాసిటీ ఎలా లెక్కించాలి?

ముందు సెక్షన్ తరగతి, అంటే పలకలు ముందే ముడుచుకోకుండా (బక్లింగ్ లేకుండా) ఉక్కు పూర్తి బలం ఇవ్వగలదా అన్నది, చూడాలి. మన బీమ్ ఫ్లాంజ్ సగం వెడల్పు 75, మందం 17.4, నిష్పత్తి 4.3. ఐఎస్ 800లో ప్లాస్టిక్ తరగతి హద్దు 9.4, కాబట్టి ఫర్వాలేదు. పాజిటివ్ మొమెంట్‌లో వెబ్ దాదాపు మొత్తం లాగుడులోనే ఉంటుంది కాబట్టి దానికీ బక్లింగ్ బెడద లేదు. అందుకే సెక్షన్ అంతా పూర్తి బలానికి చేరుతుందనుకునే ప్లాస్టిక్ పద్ధతి వాడొచ్చు.

ఉక్కు ఇవ్వగల లాగుడు: విస్తీర్ణం 9,227 చ.మి.మీ. × 250 ÷ 1.10 = 2,097 కి.న్యూ.

కాంక్రీట్ నొక్కుడు: ఒక్కో మి.మీ. లోతుకు 0.36 × 30 × 2,250 = 24,300 న్యూటన్లు.

రెండూ సమానం కావాలంటే న్యూట్రల్ యాక్సిస్ లోతు 86.3 మి.మీ. ఇది రిబ్‌ల పైనున్న 98 మి.మీ. లోపలే ఉంది. ఈ పోలిక తప్పకుండా చేయాలి. రిబ్‌లు బీమ్‌కు అడ్డంగా ఉన్నప్పుడు వాటిలోని కాంక్రీట్‌ను నొక్కుడు లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే బీమ్ పొడవునా అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. స్లాబ్ మొత్తం మందం 130 అయ్యుంటే పైన 78 మాత్రమే మిగిలేది, న్యూట్రల్ యాక్సిస్ పై ఫ్లాంజ్‌లోకి జారేది.

లీవర్ ఆర్మ్ (నొక్కుడు, లాగుడు బలాల మధ్య దూరం): బీమ్ సగం ఎత్తు 225 + స్లాబ్ 150 − 0.42 × 86.3 = 338.8 మి.మీ.

మొమెంట్ కెపాసిటీ: 2,097 × 0.3388 = 710 కి.న్యూ.మీ.

ఒట్టి ఉక్కు బీమ్‌కు ప్లాస్టిక్ మాడ్యులస్ 1,533 ఘ.సెం.మీ. ప్రకారం వచ్చేది 348.5 కి.న్యూ.మీ. అంటే స్లాబ్ కలిశాక బలం రెట్టింపు దాటింది. కాకపోతే ఈ 710 అన్నది స్టడ్‌లు పూర్తిగా ఉన్నప్పటి మాట. మన బీమ్‌లో అన్ని పట్టవని 6వ ప్రశ్నలో తేలుతుంది.

4. బీమ్ మీదికి వచ్చే మొమెంట్ ఎంత?

డెక్ స్లాబ్ సగటు మందం 124 మి.మీ. అనుకుంటే 3.1, షీటుకు 0.15, మొత్తం చ.మీ.కి 3.25 కి.న్యూ. దాన్ని 3 మీటర్లతో గుణించి, బీమ్ సొంత బరువు 0.71 కలిపితే మీటరుకు 10.46. ఫినిషింగ్, సర్వీసులు చ.మీ.కి 2 చొప్పున 6. లైవ్ లోడ్ చ.మీ.కి 4 చొప్పున 12. మొత్తం 28.46. దాన్ని 1.5తో గుణిస్తే మీటరుకు 42.7 కి.న్యూ. స్పాన్ వర్గంతో గుణించి 8తో భాగిస్తే 432 కి.న్యూ.మీ.

5. కాంక్రీట్ బ్లాక్ 0.36తో లెక్కించాలా, యూరోకోడ్ 0.85తోనా? ఏది సరి?

రెండూ సరైనవే, కలపడమే తప్పు. ఐఎస్ 456 పద్ధతిలో బలం 0.36, అది పై అంచు నుంచి లోతులో 0.42 వంతు దగ్గర పనిచేస్తుంది. యూరోకోడ్‌లో న్యూట్రల్ యాక్సిస్ దాకా నిండు దీర్ఘచతురస్రం, బలం క్యూబ్ లెక్కలో సుమారు 0.45, పనిచేసే చోటు సరిగ్గా సగంలో. న్యూట్రల్ యాక్సిస్ స్లాబ్‌లో ఉన్నంతసేపు చివరి మొమెంట్‌లో తేడా కొద్ది శాతమే, ఎందుకంటే లీవర్ ఆర్మ్‌లో ఎక్కువ భాగం బీమ్ ఎత్తు నుంచే వస్తుంది. 0.45 బలంతో 0.42 దూరం పెట్టిన షీట్లు కనిపిస్తుంటాయి, వాటిని పక్కన పడేయండి.

6. లెక్క ప్రకారం కావాల్సినన్ని స్టడ్‌లు బీమ్ మీద పట్టడం లేదు. బీమ్ ఫెయిలైనట్టేనా?

కాదు. డెక్ షీట్ అంతస్తుల్లో ఇది మామూలే, ఎందుకంటే రిబ్ ఉన్న చోటే స్టడ్ పెట్టగలం.

19 మి.మీ. స్టడ్ తీసుకుందాం. ఎత్తు వెల్డ్ అయ్యాక 95 మి.మీ., ఉక్కు బలం 450. స్టడ్ తెగే లెక్కలో 81.7 కి.న్యూ. వస్తుంది. చుట్టూ కాంక్రీట్ నలిగే లెక్కలో సిలిండర్ బలం 24, కాంక్రీట్ ఎలాస్టిక్ మాడ్యులస్ 27,390 పెడితే 68 కి.న్యూ. తక్కువది 68. ఇది నిండు స్లాబ్‌లో. రిబ్‌లో ఒక్క స్టడ్ ఉండి, షీట్ మందం 1 మి.మీ. లేదా అంతకు తక్కువైతే, షీట్ మీదుగా వెల్డ్ చేసినప్పుడు తగ్గింపు గుణకం గరిష్ఠంగా 0.85. మన రిబ్ సగటు వెడల్పు 150 అనుకుంటే సూత్రం 1.67 ఇస్తుంది, కానీ 0.85 దగ్గర ఆపాలి. స్టడ్‌కు దక్కేది 57.7 కి.న్యూ.

సగం స్పాన్‌లో, అంటే సపోర్ట్ నుంచి మధ్య వరకు, 2,097 కి.న్యూ. బదిలీ కావాలంటే 37 స్టడ్‌లు కావాలి. రిబ్‌లు 15. రిబ్‌కు రెండు చొప్పున పెట్టినా 30 మాత్రమే, పైగా రెండు పెడితే గుణకం 0.70కి పడిపోతుంది. 30 × 47.5 = 1,426 కి.న్యూ. స్టడ్‌ల సంఖ్య రెట్టింపైనా బలం రెట్టింపు కాలేదని గమనించండి.

రిబ్‌కు ఒక్కటే పెట్టి చూద్దాం. 15 × 57.7 = 865 కి.న్యూ. పూర్తి కలయికకు కావాల్సిన దాంట్లో ఇది 0.41 వంతు. దీన్నే పాక్షిక కలయిక అంటాం. సరళ రేఖ పద్ధతిలో కెపాసిటీ ఇలా వస్తుంది:

348.5 + 0.413 × (710 − 348.5) = 498 కి.న్యూ.మీ.

మనకు కావాల్సింది 432. వినియోగం 0.87. రిబ్‌కు ఒక్క స్టడ్‌తోనే బీమ్ నిలబడుతుంది.

నిజానికి ఈ సరళ రేఖ అంచనా తక్కువ చూపిస్తుంది. సెక్షన్‌లో బలాలు పంచి లెక్కిస్తే కాంక్రీట్ పై 35.6 మి.మీ. మాత్రమే నొక్కుడులో ఉంటుంది. ఉక్కులో పై ఫ్లాంజ్ మొత్తం, దాని కింద వెబ్ మరో 10 మి.మీ. దాకా నొక్కుడులోకి వెళ్తాయి. ఆ లెక్కలో 577 కి.న్యూ.మీ. వస్తుంది. సరళ రేఖ పద్ధతికి ఒక మేలుంది. చేత్తో రెండు నిమిషాల్లో అవుతుంది, తప్పు జరిగినా క్షేమం వైపే ఉంటుంది. మొదట దాంతోనే చూడండి, చాలకపోతేనే రెండోదానికి వెళ్లండి.

ఇక కనీస కలయిక హద్దు. స్టడ్‌లు మరీ తక్కువైతే స్లాబ్, బీమ్ మధ్య జారుడు పెరిగి, ప్లాస్టిక్ మొమెంట్ చేరకముందే చివరి స్టడ్‌లు తెగుతాయి. అందుకే యూరోకోడ్ 4 స్పాన్, ఉక్కు బలాలను బట్టి హద్దు పెట్టింది. సమాన ఫ్లాంజ్‌ల బీమ్‌కు 9 మీటర్ల స్పాన్, 250 ఉక్కుతో సూత్రం 0.32 ఇస్తుంది, కానీ ఏ బీమ్‌కైనా 0.4 కంటే తగ్గకూడదు. మన 0.41 అంచు మీద గట్టెక్కింది. ఇలాంటి చోట సైట్‌లో రెండు స్టడ్‌లు తప్పిపోతే లెక్క మొత్తం పోతుంది. కొన్ని రిబ్‌లలో రెండేసి పెట్టి ఆ అంచును కాస్త పెంచుకోవడం తెలివైన పని.

స్టడ్‌లను సమాన దూరంలో పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. సమంగా పరచిన లోడ్‌కు పెట్టొచ్చు. కాంపోజిట్ బలం ఒట్టి ఉక్కు బలానికి 2.5 రెట్లు దాటకూడదన్న షరతు ఉంది, మనది 2.04. కానీ మధ్యలో పాయింట్ లోడ్ ఉంటే, దాని కిందికీ దగ్గరి సపోర్ట్‌కూ మధ్య ఎన్ని స్టడ్‌లు పడ్డాయో విడిగా లెక్కపెట్టాలి. సెకండరీ బీమ్‌లను మోసే మెయిన్ బీమ్‌లలో ఇది మర్చిపోతుంటారు.

7. ఈ250 బదులు ఈ350 ఉక్కు వాడితే బలం పెరుగుతుంది కదా?

ఉక్కు బలం పెరుగుతుంది, కలయిక కష్టమవుతుంది. ఈ350తో బీమ్ లాగుడు 2,936 కి.న్యూ. కాంక్రీట్ 98 మి.మీ. మొత్తం కలిపినా 2,381. ఇప్పుడు పూర్తి కలయిక అంటే ఆ 2,381. అదే 15 స్టడ్‌ల 865 దాంట్లో 0.36 వంతు. ఉక్కు బలం పెరిగినందువల్ల కనీస హద్దు 0.51కి ఎక్కింది. అంటే ఈ250తో పాసైన స్టడ్ అమరికే ఈ350తో ఫెయిలవుతుంది. ఉక్కు గ్రేడ్ మార్చిన ప్రతిసారీ స్టడ్ లెక్క మొదటి నుంచి చేయాలి. కొనుగోలు విభాగం "ఈ250 దొరకలేదు, ఈ350 తెప్పించాం, ఇంకా మంచిదేగా" అన్నప్పుడు కూడా ఫైలు మళ్లీ తెరవాలి. సైట్‌కు వచ్చిన ఈ350 బీమ్ ఒట్టి ఉక్కు బలంతోనే లోడ్‌ను మోయగలిగితే భయం లేదు, కానీ ఆ మాట లెక్కలో రాసి ఉండాలి.

8. రిబ్‌లో స్టడ్ ఎక్కడ పెట్టాలి?

చాలా డెక్ షీట్లలో రిబ్ నడిమధ్యలో గట్టిదనం కోసం చిన్న మడత ఉంటుంది. దాంతో స్టడ్ పక్కకు జరగాల్సి వస్తుంది. సింప్లీ సపోర్టెడ్ బీమ్‌లో స్టడ్‌ను దగ్గరి సపోర్ట్ వైపు పెట్టాలి. అప్పుడు స్టడ్ నెట్టే దిక్కున, అంటే స్పాన్ మధ్య వైపు, ఎక్కువ కాంక్రీట్ మిగులుతుంది. అవతలి వైపు పెడితే స్టడ్‌కూ షీట్ గోడకూ మధ్య పల్చటి కాంక్రీట్ పొర మాత్రమే ఉండి, ముందే చీలిపోతుంది. బీమ్ నడిమి గీత దాటగానే స్టడ్ వైపు మారాలి. డ్రాయింగ్‌లో ఈ మార్పును బాణం గుర్తుతో చూపించకపోతే వెల్డర్ మొత్తం ఒకే వైపు కొట్టుకుంటూ పోతాడు. తప్పు అతనిది కాదు.

స్టడ్ తల రిబ్ పైన కనీసం దాని వ్యాసానికి రెండు రెట్లు ఎత్తు ఉండాలి. 52 + 38 = 90, మనది 95. వెల్డింగ్‌లో సుమారు 5 మి.మీ. కరుగుతుంది కాబట్టి 100 మి.మీ. స్టడ్ తెప్పించాలి.

9. కాంక్రీట్ పోసేటప్పుడు బీమ్‌ను విడిగా చూడాలా?

తప్పకుండా చూడాలి. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి. కాంక్రీట్ గట్టిపడేదాకా కాంపోజిట్ అనేది లేదు. పచ్చి కాంక్రీట్, మనుషులు, పంపు పైపు, ఇవన్నీ ఒట్టి ఉక్కు బీమ్ ఒక్కటే మోయాలి.

స్లాబ్, బీమ్ బరువు 10.46, పని సమయపు లోడ్ చ.మీ.కి 1.5 చొప్పున 4.5, రెంటినీ 1.5తో గుణిస్తే మీటరుకు 22.4 కి.న్యూ. మొమెంట్ 227 కి.న్యూ.మీ. ఒట్టి బీమ్ కెపాసిటీ 348.5. చాలా మంది ఇక్కడే ఆగిపోతారు.

ఆ 348.5 ఎప్పుడు దొరుకుతుంది? పై ఫ్లాంజ్ పక్కకు జరగకుండా పట్టి ఉంచినప్పుడు మాత్రమే. అడ్డంగా పరిచిన డెక్ షీట్‌ను స్టడ్ వెల్డింగ్‌తోనో, షాట్ పిన్నులతోనో ఫ్లాంజ్‌కు బిగిస్తే అది పట్టి ఉంచుతుంది. షీట్ ఊరికే పరిచి వదిలేస్తేనో, రిబ్‌లు బీమ్‌కు సమాంతరంగా ఉంటేనో, ప్లైవుడ్ సెంట్రింగ్ మీద పోస్తేనో ఆ పట్టు ఉండదు. అప్పుడు 9 మీటర్ల పొడవునా ఏ ఆధారం లేని ఐఎస్‌ఎంబీ 450కి ఐఎస్ 800 ప్రకారం లాటరల్ టార్షనల్ బక్లింగ్ (బీమ్ పక్కకు వంగి మెలితిరగడం) చూస్తే కెపాసిటీ 85 కి.న్యూ.మీ. దగ్గరకు పడిపోతుంది. కావాల్సింది 227. ఫ్యాక్టర్లన్నీ తీసేసి స్లాబ్, బీమ్ బరువుల మొమెంట్ ఒక్కటే చూసినా 106. పోత పూర్తికాకముందే బీమ్ పక్కకు ఒరుగుతుంది.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. పోతకు ముందే డెక్‌ను ప్రతి రిబ్‌లో బిగించాలి. రిబ్‌లు సమాంతరంగా ఉన్న మెయిన్ బీమ్‌కు సెకండరీ బీమ్‌లే ఆధారాలు. వాటి మధ్య దూరాన్ని ఆధారం లేని పొడవుగా పెట్టి లెక్క చూడాలి. అదీ చాలకపోతే తాత్కాలిక బ్రేసింగ్ పెట్టాలి.

ఇంకొకటి, పచ్చి కాంక్రీట్ బరువుకు మన బీమ్ మధ్యలో 14.7 మి.మీ. కిందికి వంగుతుంది. పైభాగాన్ని లెవెల్ చూసుకుంటూ పోస్తే ఆ వంపు నిండా అదనపు కాంక్రీట్ చేరుతుంది, ఆ బరువుకు బీమ్ ఇంకా వంగుతుంది. బీమ్‌కు ముందే పైకి క్యాంబర్ (ఎదురు వంపు) ఇవ్వాలి, లేదా అదనపు కాంక్రీట్ బరువును లెక్కలో వేసుకోవాలి.

10. ప్రాప్‌లు (బీమ్ కింద తాత్కాలిక ఊతాలు) పెట్టి పోస్తే చివరి బలం పెరుగుతుందా?

ప్లాస్టిక్ లేదా కాంపాక్ట్ సెక్షన్‌కు పెరగదు. ప్రాప్‌లు ఉన్నా లేకున్నా చివరి మొమెంట్ అదే 710 లేదా 498. మారేది వంపు, వాడకంలో వచ్చే ఒత్తిడి. ప్రాప్‌లు లేకపోతే పచ్చి కాంక్రీట్ ఒత్తిడి ఉక్కులోనే ఉండిపోతుంది. మన బీమ్ కింది ఫ్లాంజ్‌లో కాంక్రీట్ పోసేటప్పుడు 78, తర్వాతి లోడ్‌లకు సుమారు 80, మొత్తం 158 దగ్గర, 250కి చాలా దూరం. సన్నటి వెబ్‌తో కట్టిన ప్లేట్ గర్డర్లకు మాత్రం ఎలాస్టిక్ పద్ధతే (ఉక్కు సాగడం మొదలయ్యే ఒత్తిడి దాకానే లెక్కించడం) గతి కాబట్టి, వాటిలో ప్రాప్‌ల సంగతి బలం లెక్కలోకి కూడా వస్తుంది.

11. బీమ్ పైన స్లాబ్‌లో అడ్డ కమ్మీలు అవసరమా? డెక్ షీట్ ఉందిగా?

అవసరమే. స్టడ్‌ల వరస స్లాబ్‌ను కత్తిలా నిలువునా చీల్చాలని చూస్తుంది. రిబ్‌కు 57.7 కి.న్యూ. అంటే మి.మీ.కి 192 న్యూటన్లు, ఒక్కో పక్కకు 96. ఎఫ్‌ఈ500 కమ్మీతో మీటరుకు 110 చ.మి.మీ. కావాలి. 8 మి.మీ. కమ్మీలు 200 దూరంలో వేస్తే 251 వస్తుంది, చాలు. అంచు బీమ్ దగ్గర మాత్రం ఆ కమ్మీని స్టడ్‌ల చుట్టూ తిప్పి యూ ఆకారంలో వంచి వేయాలి. వంచకుండా తిన్నగా ఆపేస్తే అంచున అది పట్టు తీసుకోదు.

12. కంటిన్యువస్ బీమ్‌లో (మధ్య ఆధారాల మీదుగా తెగకుండా సాగే బీమ్‌లో) సపోర్ట్ దగ్గర ఎలా చూడాలి?

అక్కడ అంతా తలకిందులు. స్లాబ్ లాగుడులో ఉంటుంది కాబట్టి కాంక్రీట్‌ను వదిలేయాలి, బీమ్ పొడవునా వేసిన కమ్మీలనే లెక్కించాలి. రెండు పక్కలా 9 మీటర్ల స్పాన్‌లు ఉంటే పనిచేసే వెడల్పు కూడా 1,125 మి.మీ.కి తగ్గుతుంది. అందులో 12 మి.మీ. కమ్మీలు 150 దూరంలో ఉంటే 848 చ.మి.మీ., లాగుడు 369 కి.న్యూ. ఆ 369ని బదిలీ చేయడానికి సపోర్ట్ ఇరువైపులా స్టడ్‌లు పూర్తిగా ఉండాలి, ఇక్కడ పాక్షిక కలయికకు చోటు లేదు. పగుళ్ల కోసం వేసే సన్న వెల్డెడ్ మెష్‌ను ఈ లెక్కలో కలపకండి, అది సాగకుండా తెగుతుంది. నొక్కుడు కింది ఫ్లాంజ్‌కు వస్తుంది, దానికి పక్కన ఆధారం ఉండదు. వెబ్ తరగతినీ, బక్లింగ్‌నూ మళ్లీ చూడాలి.

13. షియర్ (నిలువు కోత బలం) ఎక్కువుంటే మొమెంట్ కెపాసిటీ తగ్గించాలా?

ఒకే చోట షియర్ దాని కెపాసిటీలో 0.6 వంతు దాటితే ఐఎస్ 800 ప్రకారం తగ్గించాలి. మన బీమ్‌లో సపోర్ట్ దగ్గర 192, కెపాసిటీ 555 కి.న్యూ., సమస్య లేదు. పాయింట్ లోడ్ కింద రెండూ ఒకేసారి ఎక్కువుంటాయి, అక్కడ చూడాలి. ఏసీ డక్ట్‌ల కోసం వెబ్‌లో రంధ్రాలు పెడితే ఈ పేజీలోని లెక్క చాలదు, రంధ్రం పైనా కిందా మిగిలిన ముక్కలను విడిగా లెక్కించాలి.

14. సైట్‌లో స్టడ్‌లను ఎలా పరీక్షించాలి?

ముందు కంటితో. స్టడ్ అడుగున చుట్టూ 360 డిగ్రీలు కరిగిన లోహపు కాలర్ కనిపించాలి. అది ఒక పక్క లేకపోతే అమెరికా వెల్డింగ్ ప్రమాణం ఏడబ్ల్యూఎస్ డి1.1 ప్రకారం, లేని పక్కకు ఎదురు దిక్కున సుమారు 15 డిగ్రీలు వంచాలి. వెల్డ్ చీలకపోతే స్టడ్ అలాగే ఉండొచ్చు, మళ్లీ నిటారుగా చేయాల్సిన పని లేదు. పని మొదలయ్యే ముందు వెల్డింగ్ సెట్టింగ్ చూడటానికి చేసే పరీక్షలో మొదటి రెండు స్టడ్‌లను 30 డిగ్రీలు వంచుతారు.

ఫెయిలవ్వడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. పై ఫ్లాంజ్ మీద రంగు వేసేయడం, షీట్ కింద వాన నీరు, షీట్ ఫ్లాంజ్‌కు ఆనకుండా మధ్య సందు, తడిసిన సిరామిక్ ఫెర్రూల్స్ (వెల్డ్ చుట్టూ పెట్టే పింగాణీ రింగులు), పొడవాటి కేబుల్‌తో పడిపోయిన కరెంటు. ఫ్యాబ్రికేషన్ డ్రాయింగ్‌లోనే "స్టడ్‌లు వచ్చే పై ఫ్లాంజ్‌కు రంగు వద్దు" అని రాయిస్తే సగం గొడవ తగ్గుతుంది. ఊడిపోయిన స్టడ్ బదులు కొత్తది వేసేటప్పుడు పాత వెల్డ్ మచ్చ మీదే కొట్టకూడదు, దాన్ని గ్రైండ్ చేయాలి.

స్టడ్‌లను లెక్కపెట్టండి. బీమ్ నంబరు రాసి, సగం స్పాన్‌కు ఎన్ని అని రిజిస్టర్లో నమోదు చేయండి. కాంక్రీట్ పడ్డాక ఎవరూ చూడలేరు.

15. పాత భవనంలో డ్రాయింగ్‌లు లేవు. ఉక్కు బీమ్ మీద స్లాబ్ ఉంది. కాంపోజిట్‌గా లెక్కించొచ్చా?

స్టడ్‌లు ఉన్నాయని రుజువైతేనే. ఉక్కు దూలాల మధ్య ఇటుక కమానులు కట్టిన పాత జాక్ ఆర్చ్ కప్పులను కాంపోజిట్‌గా లెక్కించకూడదు. స్లాబ్ ఉక్కును అంటుకుని ఉన్నంత మాత్రాన కూడా చాలదు, ఆ అతుకు లోడ్‌కు జారిపోతుంది.

సపోర్ట్ దగ్గర ఒక చోట, స్పాన్ పావు వంతు దగ్గర ఒక చోట, ఫ్లాంజ్ పైన కాంక్రీట్ జాగ్రత్తగా తొలిచి చూడండి. స్టడ్ వ్యాసం, దూరం, ఎత్తు కొలవండి. రాడార్ స్కానింగ్ చేస్తే మిగతా వరస తెలుస్తుంది, కానీ కమ్మీలను స్టడ్‌లనుకునే ప్రమాదం ఉంది కాబట్టి తొలిచిన చోటుతో పోల్చి చూడాలి. కాంక్రీట్ బలానికి కోర్‌లు (తొలిచి తీసే నమూనాలు), ఉక్కు బలానికి మొమెంట్ తక్కువున్న సపోర్ట్ దగ్గర ఫ్లాంజ్ చివర నుంచి చిన్న కూపన్ (పరీక్షకు కోసే ముక్క) తీయించాలి. స్టడ్‌లు దొరక్కపోతే ఒట్టి ఉక్కు బలంతోనే లెక్క కట్టాలి. పై ఫ్లాంజ్ కాంక్రీట్‌లో కూరుకుని ఉంటే పక్క ఆధారం మాత్రం ఒప్పుకోవచ్చు.

లోడ్ టెస్టు గురించి అడుగుతారు. ఐఎస్ 456లో కాంక్రీట్ కట్టడాలకు చెప్పిన పద్ధతి ప్రకారం పూర్తి సొంత బరువుతోపాటు లైవ్ లోడ్‌కు 1.25 రెట్లు 24 గంటలు ఉంచి, తీసేశాక 24 గంటల్లో వంపులో కనీసం 75 శాతం తిరిగి రావాలి. ఆ లోడ్‌ను అంతస్తు మోసిందని మాత్రమే ఇది చెబుతుంది. ఉక్కుకూ కాంక్రీట్‌కూ మధ్య అతుకు ఒక్కటే పనిచేస్తున్న బీమ్ కూడా ఈ పరీక్ష పాస్ కావచ్చు. కాబట్టి స్టడ్‌లు చూడకుండా లోడ్ టెస్టు ఒక్కదాని మీదే కాంపోజిట్ అని రాసిచ్చే నివేదికను ఒప్పుకోకండి.

16. సాఫ్ట్‌వేర్ పాస్ అంటోంది, చేతి లెక్క ఫెయిల్ అంటోంది. ఏది నమ్మాలి?

ముందు సాఫ్ట్‌వేర్‌లో నాలుగు విషయాలు చూడండి. పోత దశలో పై ఫ్లాంజ్‌కు ఆధారం ఉన్నట్టు అదే అనుకుందా? రిబ్ దిశ అడ్డమా, సమాంతరమా? స్టడ్ బలం అది లెక్కించిందా, ఎవరైనా చేత్తో అంకె టైపు చేశారా? కాంక్రీట్ బలం క్యూబ్‌దా, సిలిండర్‌దా? తేడా దాదాపు ఎప్పుడూ వీటిలోనే దొరుకుతుంది. నాలుగూ సరిపోలాక కూడా తేడా 5 శాతం దాటితే, అది సరళ రేఖ పద్ధతికీ పూర్తి సెక్షన్ లెక్కకూ మధ్య తేడానేమో చూడండి. మన బీమ్‌లోనే వాటి మధ్య 498కీ 577కీ ఉన్నంత దూరముంది.